రెండేళ్ల తర్వాతి చలికి ఓక్ కట్టెలు

కొత్త పొయ్యి వచ్చిన వారంలో నేను చేసినన్ని పిచ్చిపనులు నా యాభై ఆరేళ్లలో చేయలేదు. చలికి ఇల్లు వెచ్చబెట్టే నల్లటి ఇనుప పొయ్యి, ముందు గాజు తలుపు. కట్టెలైనా, బొగ్గయినా, చిత్తడినేలలో కోసి ఎండబెట్టిన పీట్ అయినా కాదనకుండా కాలుస్తుంది. నాకే ఏది కాల్చాలో తేలలేదు. ఐర్లండ్‌లో, అందులోనూ మా లీట్రిమ్‌లో ఇలాంటి మాట నలుగురిలో అనకూడదు. అన్నానో లేదో, ఊరు ఊరంతా సలహాలు పట్టుకుని నా గుమ్మంలోకి వచ్చిపడింది.

మా చెల్లెలు అట్రాక్టా ఒక్కతే పొయ్యిని వదిలేసి నన్ను పట్టుకుంది.

"అక్కా, నువ్వు ఎదురుచూస్తోంది కట్టెల కోసం కాదు, ఫింటన్ కోసం."

"నోర్మూసుకో!"

మూసుకోమన్నానుగానీ, అది నిజం. మా ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. మూడేళ్లుగా ప్రతి ఆదివారం ఫింటన్ చర్చి నుంచి మా గేటు దాకా నాతో నడిచి వస్తాడు. వాన గురించి రెండు ముక్కలు చెబుతాడు, టోపీ సర్దుకుంటాడు, వెళ్లిపోతాడు. చెట్లు కొట్టే మనిషి, చేతులు చూస్తే గుమ్మం పట్టదు, నోరు చూస్తే పెగలదు. అయినా సరే, ఆదివారం వస్తోందంటే శనివారం నుంచే నాకు కాలు నిలిచేది కాదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ మనిషంటే నాకు ప్రాణం.

బొగ్గుల వ్యాపారి మాలకీకి మాటల కరువు లేదు. పొగరాని బొగ్గు రెండు బస్తాలు దింపి, "నా కానుక అనుకో డింఫ్నా. శనివారం హాల్లో డాన్సుకి నాతో వస్తావుగా?" అని కన్ను గీటాడు. అతని జేబులో ఉంగరం ఉందని ఊళ్లో పిల్లికి కూడా తెలుసు.

"పొయ్యి వెలిగించాక చెబుతాలే" అని తప్పించుకున్నాను.

అట్రాక్టా ఊరుకుంటేగా! "ఎన్నాళ్లక్కా ఈ నాన్చుడు? తాడో పేడో తేల్చెయ్" అంది. నాకూ రోషం వచ్చింది. శుక్రవారం సాయంత్రం పొయ్యి వెలిగిస్తాను, ఆలోగా ఫింటన్ నోరు విప్పకపోతే మాలకీకి సరేనంటాను అని మాటిచ్చేశాను. ఇచ్చిన మరుక్షణం నుంచి నాకు అన్నం సయించలేదు.

శుక్రవారం మధ్యాహ్నం సందులో ట్రాక్టర్ చప్పుడయింది. ఫింటన్! వెనక ట్రెయిలర్ నిండా కట్టెలు! దువ్విన జుట్టే మళ్లీ దువ్వుకుని, తడి కొలిచే మీటరు జేబులో వేసుకుని బయటికి పరిగెత్తాను.

 అతను దించుకుంటూ పోతున్నాడు. నేనొక దుంగ తీసుకుని గొడ్డలితో రెండు చేశాను. పైపైన కొలిస్తే ఏ కట్టె అయినా పొడిగానే ఉంటుంది, అసలు సంగతి లోపలే తెలుస్తుంది. కొత్తగా చీలిన చోట మీటరు గుచ్చాను. నలభై ఒక్క శాతం తడి! పొయ్యి బిగించినవాడు ఇరవై దాటకూడదని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏవయ్యా! మూడేళ్లకి చేతిలో ఏదో పట్టుకొచ్చావు, అదీ పచ్చిదా? ఇది పెడితే గాజంతా మసి, పొగగొట్టమంతా తారు! ఇల్లు తగలబెడదామనా?"

"పచ్చిదని తెలుసు."

"తెలిసే తెచ్చావా!"

"ఈ చలికాలానికి కాదు డింఫ్నా."

"వచ్చే ఏడాదికా?"

"ఊహూ. ఓక్ గట్టి కట్టె కదా, రెండేళ్లు ఎండాలి. ఆపై చలికాలానికి." దక్షిణం గోడ వైపు చూపించాడు. "అక్కడ పేరుస్తా. గాలి తగులుతోందో లేదో చూసుకుంటూ ఉండాలి మరి. నేను చూసుకుంటాలే."

నేనూ ఆ గోడ వైపు చూశాను. పక్కింటివాళ్లకి ఎవరైనా ఈ చలికాలానికి కట్టెలిస్తారు. రెండేళ్ల తర్వాతి చలికి ఓక్ పేర్చుకునేది తను ఉండబోయే ఇంటి గోడకే.

మీటరు చేతిలోంచి జారి బురదలో పడింది. తీయలేదు.

"రెండేళ్లయ్యాక వీటిని చీల్చేదెవరు?" అన్నాను.

"నేనే."

"పొయ్యి వెలిగించేదెవరు?"

"నేనే."

"దాని ముందు కూర్చునేదెవరు?"

టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. చెవులు కందగడ్డల్లా అయిపోయాయి.

"మనిద్దరం. నీకు ఇష్టమైతేనే."

ఆ ఒక్క మాటకి మూడేళ్లూ, ట్రెయిలర్‌డు ఓక్ కట్టెలూ పట్టాయి మహానుభావుడికి! నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ఏడ్చాను, ఏడుస్తూనే అతని కోటు పట్టుకుని ఊపేశాను.

"ఇష్టమయ్యా! మూడేళ్లుగా ఇష్టం! వాన సంగతి వినడానికా నీతో నడిచింది?"

వంటింటి కిటికీలోంచి అట్రాక్టా తల బయటికి వచ్చింది. "అక్కా, మరి మాలకీకి ఏం చెప్పను?"

"బస్తాలు తిరిగిచ్చెయ్! డాన్సుకి నువ్వెళ్లు!"

"నిజంగానా?" అంది. అది జుట్టు సవరించుకోవడం నేను చూశాను.

"మరి ఈ సాయంత్రం పొయ్యిలో ఏం పెడతావు?" అన్నాడు ఫింటన్.

"నీ షెడ్డులో ఎండిన పీట్ ఉందిగా. పట్టుకురా."

తలూపాడు. తర్వాత ఆకాశం వైపు చూశాడు. "వాన వచ్చేలా ఉంది డింఫ్నా."

"రానీ. ముందు ఇవి పేర్చు."

ఆఖరి వరస పేర్చేసరికి చినుకులు మొదలయ్యాయి. కట్టెల మీద కప్పడానికి అతను రేకు ఎత్తాడు. రెండో కొస నేను పట్టుకున్నాను.