తలుపు లేని వైపు

2024 సెప్టెంబరు పద్నాలుగు, శనివారం. ఆ పొద్దున నేను దిబ్బరొట్టె తిన్నాను. నా మిత్రుడు పద్మనాభం భార్య ఛాయాదేవి గారు మందపాటి మూకుడులో అడుగు ఎర్రగా కాల్చి, పెద్ద ముక్క కోసి, పక్కన బెల్లం పాకం పోసి నా ముందు పెట్టారు. నా భార్య దమయంతి పోయాక అంత ఓపికగా చేసిన ఫలహారం నాకు దొరకడం తక్కువ. అయినా రెండో ముక్క పళ్లెంలోనే ఉండిపోయింది. ఆవిడ కిటికీలోంచి వెనక షెడ్డు వైపు చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"అన్నయ్యగారూ, ఇవాళైనా ఆయనకి చెప్తారా?"

"చెప్తానమ్మా."

"మొన్న ఆ పాతకారుతో డ్రైవ్‌వేలో చెత్తడబ్బాని గుద్దేశారు. బ్రేకే తొక్కానంటారు. నేను కళ్లారా చూశాను, తొక్కింది ఎడమ పెడల్. నేనేమన్నా అంటే, నీకేం తెలుసు ఈ కారు సంగతి అంటారు. ఇవాళ ఎక్కడానికి వచ్చేది ఏడో నెల కడుపుతో ఉన్న పిల్లట. నాకు రాత్రంతా నిద్ర లేదు."

"బయల్దేరకముందే చెప్తాను," అన్నాను. చెప్పలేదు.

పద్మనాభం, నేనూ అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న వారెన్‌లో గేర్లు తయారుచేసే కంపెనీలో ముప్పై ఏళ్లు పక్కపక్క టేబుళ్ల దగ్గర పనిచేశాం. రిటైరయ్యాక అతను 1921 నాటి కారొకటి ముక్కలుగా కొని, ఆరేళ్లు కూర్చుని నిలబెట్టాడు. దానికోసమే ట్రాయ్‌లో ఇల్లు అమ్మి, వెనక పాతకాలపు షెడ్డు ఉందని డెట్రాయిట్ ఊళ్లో ఇల్లు కొన్నాడు. శనివారాల్లో మనవాళ్లను ఎక్కించుకుని, తొలి కార్లు తయారైన వీధులు తిప్పి చూపిస్తాడు. అతను నడుపుతాడు, నేను పక్కన కూర్చుని కథలు చెప్తాను.

ఆ కారు నడపడం మామూలు కారులా కాదు. కింద మూడు పెడల్స్. కుడిది బ్రేక్, మధ్యది వెనక్కి పోవడానికి. ఎడమది సగం తొక్కితే బండి గేరులోంచి బయటికొస్తుంది, పూర్తిగా తొక్కితే ముందుకు లాగుతుంది. వేగం పెంచేది కాలితో కాదు, స్టీరింగ్ కింద కుడివైపున్న చిన్న పుల్లతో. పద్మనాభం కాళ్లకు ఇదంతా నిద్రలో కూడా తెలుసు. అయితే ఈమధ్య ఆ కాళ్లు కంగారు పడితే రోజూ నడిపే మామూలు కారునే గుర్తు చేసుకుంటున్నాయి. ఇక్కడి మామూలు కారులో ఉండేవి రెండే పెడల్స్, ఎడమపక్కది బ్రేక్.

మరి నేనెందుకు చెప్పలేకపోయాను? దమయంతికి కీమో జరిగిన ఏడు నెలలూ ప్రతి మంగళవారం మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది పద్మనాభమే. స్టీరింగ్ పట్టుకుంటే నా చేతులు వణికేవి. "నువ్వు వెనక ఆవిడ పక్కన కూర్చోవోయ్," అని తాళాలు లాక్కునేవాడు. జనవరి మంచులో సైతం ఒక్కసారీ గట్టిగా బ్రేక్ వేయలేదు, ఆమెకు వాంతి వస్తుందని. ఆ కాళ్లకు ఇక చేతకాదని ఏ నోటితో అనను?

ఆ సాయంత్రం పికెట్ వీధిలో పాత ఇటుకల ఫ్యాక్టరీ ముందు ఆ జంట మాకోసం నిలబడి ఉంది. అబ్బాయి కౌశిక్, అమ్మాయి హాసిని. ఇద్దరూ సాఫ్ట్‌వేర్. క్రితం రోజే సీమంతం అయింది. పట్టుచీర, రెండు చేతులకూ మోచేతి దాకా ఎర్రవీ ఆకుపచ్చవీ గాజులు. ఫొటోల కోసం ఇవాళ మళ్లీ అన్నీ వేసుకుని వచ్చింది.

"అంకుల్, దీనికి సీట్ బెల్ట్స్ లేవా?" కౌశిక్ వెనక సీటంతా తడిమి చూశాడు.

"లేవయ్యా. బెల్టు కట్టుకుంటే దూకడానికి వీలవదని అప్పటివాళ్లు పెట్టలేదు," అన్నాడు పద్మనాభం.

"బుక్ చేసేటప్పుడు ఈ మాట చెప్పలేదు మీరు!"

"చెప్తే నువ్వు వస్తావా?"

హాసిని పకపకా నవ్వింది. "ఈయన ఫ్రీవే మీద నలభై మైళ్లకి మించి వెళ్లడు అంకుల్. బెల్ట్ లేకపోతే పాపం ఏమైపోతాడో!"

ఆ కారుకు డ్రైవరు వైపు తలుపు లేదు. రేకు మీద తలుపు ఆకారం అచ్చువేసి ఉంటుంది గాని తెరుచుకోదు. డ్రైవరు కుడివైపు నుంచే ముందుగా ఎక్కి, అవతలికి జరిగి కూర్చోవాలి. ఆ తర్వాతే పక్కవాడు. పద్మనాభం ఎక్కబోతుంటే అతని మోచెయ్యి పట్టుకున్నాను.

"ఏమిటోయ్ కామేశం?"

చెప్పాల్సిన క్షణం అదే. "ఏం లేదు, నిదానంగా పోదాం," అన్నాను.

"ఇది నిదానంగా తప్ప ఇంకెలా పోతుంది!" అని ఎక్కేశాడు.

బండి కదిలింది. ఇక్కడే మొదట్లో కార్లు చేతులతో బిగించేవారనీ, తయారైన ఒక్కో కారునూ ఈ వీధుల్లోనే పరీక్షించి చూసేవారనీ, చుట్టుపక్కల అరడజను కంపెనీలు పుట్టి పోయాయనీ ఎప్పుడూ చెప్పే కథ చెబుతున్నాను. నోరు దాని పని అది చేసుకుపోతోంది. కళ్లు మాత్రం అతని కాళ్ల మీదే ఉన్నాయి. వెనక గాజులు గలగలమంటుంటే ఆ పిల్ల బాగానే కూర్చుందని తెలుస్తోంది. అవి ఆగితే నా ఊపిరి కూడా ఆగుతోంది.

ఒక అదృష్టం ఏమిటంటే ఆ రోజు వాన లేదు. ఇంకోటి, మొదటి రెండు సిగ్నళ్లూ పచ్చగానే ఉన్నాయి.

గ్రాండ్ బొలెవార్డ్ దగ్గర ఎర్రలైటు పడింది. పద్మనాభం ఎడమ పెడల్ సగం తొక్కి, కుడికాలు బ్రేక్ మీద పెట్టి చక్కగా ఆపాడు. మా ముందు నుంచి ఒక నల్లజాతి ముసలావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతోంది. పిల్లకు అయిదేళ్లుంటాయి. పసుపుపచ్చ బూట్లు. సరిగ్గా మా ఎదురుగా ఆగి కారు వైపు చెయ్యి ఊపింది.

అప్పుడే వెనక లారీవాడు గట్టిగా హారన్ కొట్టాడు.

పద్మనాభం ఉలిక్కిపడ్డాడు. కుడికాలు గాల్లోకి లేచింది. ఎడమకాలు బలమంతా పెట్టి అడుగుదాకా తొక్కింది. కారు ముందుకు లాగింది.

"బ్రేక్!" అన్నాను.

"తొక్కుతున్నా!" అని అరిచి ఇంకా గట్టిగా తొక్కాడు.

పసుపు బూట్లు రేడియేటరు వెనక కనబడకుండా పోయాయి. నా ఎడమచెయ్యి పుల్లను పైకి తోసేసింది, కుడిచెయ్యి డ్యాష్ మీది తాళంచెవి తిప్పేసింది. నేను చెయ్యమంటే చేసిన పని కాదది. ఇంజిన్ చచ్చింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. వెనక గాజులన్నీ ఒక్కసారి ఘల్లుమని, ఆ తర్వాత చప్పుడు లేదు.

బానెట్ పక్క నుంచి ముసలావిడ టోపీ కదిలింది. ఆవిడ పిల్లను చంకనెత్తుకుంది. మూరెడు దూరం. వేడి రేడియేటరును చేత్తో తట్టి, "ముసల్ది ఇవాళ మొండికేసిందా?" అని ఇంగ్లిష్‌లో నవ్వుతూ అడిగి, అవతలికి వెళ్లిపోయింది. ఆ నవ్వుకు నేను ఈ జన్మకి రుణపడి ఉంటాను.

వెనక్కి తిరిగాను. కౌశిక్ చెయ్యి హాసిని పొట్టకు అడ్డంగా ఉంది. మొహం పాలిపోయింది.

"ఏమైంది అంకుల్?"

"ఇంజిన్ ఆగిపోయిందంతే. పాత బండి కదా. అమ్మాయ్, నీకేం కాలేదుగా?"

"లేదంకుల్. బేబీ మాత్రం ఒక కిక్ ఇచ్చింది," అంది హాసిని.

నేను దిగి, తలుపు తెరిచి పట్టుకున్నాను. "కాళ్లు పట్టేసుంటాయి, పద్మనాభం. కాసేపు దిగు."

అతను నా వైపు చూడలేదు. "ఎక్కు. పోదాం," అన్నాడు. వెనక హారన్లు ఎక్కువయ్యాయి. ఎక్కాను. అతను ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేశాడు. నిజం ఇంకా నా నోట్లోనే ఉంది.

తిరిగి ఫ్యాక్టరీ దాకా మైలున్నర. నా ఎడమచెయ్యి అలాగే ఆ పుల్ల మీద ఉంచాను. మామూలుగా అయితే, "తియ్యవోయ్, నీకెందుకు!" అని చెయ్యి మీద చరిచేవాడు. ఆ రోజు చూశాడు, ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం చూసి నాకు ఇంకా భయమేసింది. ప్రతి మలుపులో నాకు పసుపు బూట్లే కనిపించాయి. నేను కథ చెప్పడం మానేశానని కూడా ఎవరూ గమనించలేదు.

ఎలాగో చేరాం. వాళ్లు ఫొటోలు తీసుకున్నారు. వెళ్తూ హాసిని మా ఇద్దరి కాళ్లకూ దణ్ణం పెట్టడానికి వంగబోతే, "వద్దు తల్లీ, వంగకు," అని పద్మనాభం చప్పున వెనక్కి జరిగాడు. వాళ్ల కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాడు. తర్వాత వెనక సీటు దుమ్ము దులపడానికి ఎప్పటిలా గుడ్డ తీసుకుని వంగాడు. వంగినవాడు లేవలేదు.

దగ్గరికెళ్లి చూశాను. కింద రెండు ఆకుపచ్చ గాజుముక్కలు, ఒక ఎర్రది. ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పెట్టుకుంటున్నాడు.

"ఆ పిల్ల చెయ్యి తెగిందా కామేశం?"

"లేదు. దిగేటప్పుడు చూశాను."

"చిట్లినా ఒక్కమాట అనలేదు."

"మనం బాధపడతామని."

గాజుముక్కలు జేబురుమాల్లో కట్టాడు. "నేను బ్రేకే తొక్కాను," అన్నాడు. "అలాగే అనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తోంది. అదే భయంగా ఉంది."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "ఎడమది తొక్కావు," అన్నాను. "ఛాయాదేవి గారు పొద్దున్నే నాతో అన్నారు. నీతో చెప్తానని ఒప్పుకున్నాను. నాకు ధైర్యం చాల్లేదు. ఆ పిల్లకేమైనా అయ్యుంటే, తప్పు నీకంటే నాదే ఎక్కువ."

తిడతాడనుకున్నాను. అతను కారు కుడివైపు తలుపు తెరిచి, పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. ఎన్నో ఏళ్లుగా ముందుగా ఎక్కే మనిషి.

"ముందు నువ్వు ఎక్కు," అన్నాడు. "అటు జరుగు."

తలుపు లేని వైపుకు జరిగి కూర్చున్నాను. స్టీరింగ్ పట్టుకుంటే నా చేతులు మళ్లీ వణికాయి. అతను పక్కన కూర్చుని, ఆసుపత్రి రోజుల్లో మాట్లాడిన గొంతుతోనే, "సగం తొక్కు. ఆఁ. ఇప్పుడు కుడిది. భయపడకు, నేనున్నాగా," అంటూ ఇంటిదాకా చెప్పుకుంటూ వచ్చాడు. రెండు మైళ్లకు అరగంట పట్టింది. దారిలో ఒక్కరూ హారన్ కొట్టలేదు.

పొద్దు వాలుతోంది. కారు షెడ్డులో పెట్టి దిగాం. వంటింటి కిటికీలో ఛాయాదేవి గారు నిలబడి ఉన్నారు. స్టీరింగ్ ముందు నుంచి జరిగి దిగింది ఎవరో చూసి, ఏమీ అడక్కుండా దీపం వేశారు.

పద్మనాభం తాళంచెవి నా చొక్కా జేబులో వేశాడు. ఆ షెడ్డు తలుపు సరిగా పడదని రోజూ రెండుసార్లు ధడాలున వేసేవాడు. ఆ సాయంత్రం రెండు చేతులతో పట్టి, చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, గడియ పెట్టాడు.