చెవుల మేస్త్రి

నా నోరు మంచిది కాదని మా వీధిలో అందరికీ తెలుసు. నేనూ దాచుకోలేదు. పొద్దున షట్టర్ ఎత్తుతూ మొదలుపెడితే సాయంత్రం దించేదాకా ఎవరో ఒకరికి అక్షింతలు పడుతూనే ఉంటాయి. కల్తీ పెట్రోలు పోయించుకొచ్చినవాడికి, స్క్రూల తలలు అరగదీసి తెచ్చినవాడికి, "అర్జెంటమ్మా" అంటూ నెత్తిమీద నిలబడేవాడికి. అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది మాత్రం మా ఆయనే. నేనెంత దండకం చదివినా చేతిలో పని ఆపేవాడు కాదు, తల ఎత్తేవాడు కాదు. "ఆఁ" అనేవాడు. అంతే. విన్నాననీ అందులోనే ఉండేది, లెక్కచెయ్యననీ అందులోనే ఉండేది. మరీ మితిమీరితే, "కొంచెం రేస్ తగ్గించవే, పొగొస్తోంది" అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఇప్పుడు ఆ "ఆఁ" కోసం మొహం వాచిపోయి ఉన్నాను.

మాది చిన్న ఇంజన్ల షాపు. జనరేటర్లు, మందు కొట్టే స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, ఎవరూ కొననంత పాత మోపెడ్లు. కింద షాపు, పైన మేముండే గది, మధ్యలో ఇనుప మెట్లు. మా ఆయన్ని అందరూ చెవుల మేస్త్రి అనేవారు. బండి ఇంకా వీధి మలుపు తిరగకముందే దాని జబ్బేమిటో చెప్పేసేవాడు. ముఖ్యంగా కార్బురేటర్ సంగతి ఆయన తరువాతే ఎవరైనా. పెట్రోలునీ గాలినీ పాళ్లు కుదిర్చి ఇంజనుకు అందించేది కార్బురేటర్. ఆ పాళ్లు కుదిరాయో లేదో ఆయన చెవికే తెలిసేది.

అందుకు మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉండేది. స్క్రూ తిప్పేది నేను. ఆయన గుమ్మంలో, ఇంజనుకు వీపు పెట్టి నిలబడేవాడు. చూస్తుంటే వినబడదట. వీధిలోకి చూస్తూ, "ఇంకొంచెం... ఇంకొంచెం... ఎక్కువైంది, వెనక్కి రా... ఆఁ! అక్కడే ఉంచు" అనేవాడు. నేను చెయ్యి తీసేసేదాన్ని. ఇంజను బుద్ధిగా, ఒకే తీరున ఆడుతూ ఉండేది. ఆ కాసేపు నేనూ నోరు మూసుకునేదాన్ని.

కిందటి వానల్లో ఆయనకు జ్వరమొచ్చింది. తగ్గింది. పోతూ పోతూ రెండు చెవులూ పట్టుకుపోయింది. నరాలే పాడయ్యాయి, మిషను పెట్టుకున్నా లాభం లేదన్నాడు డాక్టరు. ఆ మాట కూడా నేనే సైగలు చేసి చెప్పాల్సొచ్చింది.

చెవులు పోతే పోయాయి, కళ్లున్నాయి, చేతులున్నాయి, నేనున్నాను అనుకున్నాను. ఆయన అలా అనుకోలేదు. గోడవైపు తిరిగి మంచం పట్టాడు. కిందికి దిగడు. తన గొంతు తనకు వినపడదు కాబట్టి మాట్లాడడమూ మానేశాడు. నేను ఎదురుగా నిలబడి, పెదవులు పెద్దవి చేసి, చేతులు తిప్పి ఏదో చెప్పబోతే కళ్లు మూసుకుంటాడు. చెవిటివాడితో ఎలాగో వేగొచ్చు. కళ్లు మూసుకున్న చెవిటివాడితో ఎలా వేగను? ఎవరైనా దూరమైన మనిషి మీద బెంగ పెట్టుకుంటారు. నేను పక్కన పడుకున్న మనిషి మీద పెట్టుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, అన్నం తింటున్నా అదే బెంగ.

మొన్న ఉన్నట్టుండి నోరు తెరిచాడు. ప్రాణం లేచొచ్చింది నాకు. "షాపు మూసేద్దాం" అన్నాడు. ఇంతకాలం ఆగి ఆగి చెప్పిన మాట అది. నర్సమ్మ జనరేటర్ బాగుచేస్తానని ఒప్పుకున్నాను, అదొక్కటీ అయ్యాక చూద్దామని సైగ చేశాను. కళ్లు మూసుకున్నాడు.

ఆ నర్సమ్మ మా వీధి చివర చిన్న ఆసుపత్రి నడుపుతుంది. పిల్లల టీకాలు పెట్టే ఫ్రిజ్ ఆ జనరేటర్ మీదే బతుకుతోంది. మధ్యాహ్నం నుంచి కరెంటు తీసేస్తారని చెప్పారట. ఇవాళ పొద్దున్నే జనరేటర్‌ని తోపుడుబండి మీద తోసుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, ఇది ఊగుతోంది. కాసేపు అరుస్తుంది, కాసేపు నీరసపడిపోతుంది. మా అత్తగారిలా."

"మీ అత్తగారిని బాగుచేయలేను గానీ దీన్ని పట్టు" అన్నాను.

ఇద్దరం కలిసి ఎత్తి బల్ల మీద పెట్టాం. మామూలుగా మా షాపులో ఇంజన్లను నేల మీద, పాత టైర్ల మీదే పెట్టి నడుపుతాం. బల్ల ఇనుపది, గోడలోకి బిగించి ఉంది. దాని మీద ఇంజను నడిపితే పై గదంతా అదురుతుంది. అందుకే బల్ల మీద నడపకూడదని మా ఆయన ఖరాకండిగా పెట్టిన నియమం. కానీ నేల మీద గొంతుక్కూర్చుని పని చేయడానికి నా మోకాళ్లు ఒప్పుకోవు. పని చేయగలిగే మహానుభావుడు పైన గోడ చూసుకుంటున్నాడు. అదురితే అదరనీ అనుకున్నాను.

పెట్రోలు కట్టేసి కార్బురేటర్ విప్పాను. కింది గిన్నెలో పాత పెట్రోలు జిగురు కట్టి పేరుకుపోయి ఉంది. జెట్ తీసి వెలుగుకు పెట్టి చూశాను. పెట్రోలు ఎక్కే ఆ సన్న బెజ్జం సగం మూసుకుపోయింది. రాగి తీగలోంచి ఒక్క పోగు లాగి మెల్లగా గుచ్చి, పెట్రోలుతో కడిగి, ఊదాను. గిన్నెలో పెట్రోలు మట్టం చూసుకునే ఫ్లోట్ సరిగ్గా లేస్తోందో లేదో చూశాను. అన్నీ ఎక్కడివక్కడ బిగించాను. కార్బురేటర్‌కీ ఇంజనుకీ మధ్య వేసే కాగితం ప్యాకింగ్ మాత్రం పాతదే వేశాను. కొత్తది చెయ్యడానికి కావాల్సిన కాగితం, చిన్న సుత్తి ఆయన పెట్టెలో ఉన్నాయి. ఆ పెట్టె మూత నేనింతవరకూ తెరవలేదు. తెరిస్తే ఇక ఆయన రాడని నేనే ఒప్పుకున్నట్టు అనిపించేది.

తాడు లాగాను. అంటుకుంది. ఒక క్షణం బాగానే ఆడింది. తరువాత మళ్లీ ఊగడం మొదలుపెట్టింది. గొంతు పెంచుతుంది, తగ్గిస్తుంది, మళ్లీ పెంచుతుంది. స్క్రూ ఇటు తిప్పాను, అటు తిప్పాను. అలవాటుకొద్దీ గుమ్మం వైపు చూశాను. గుమ్మంలో ఎవరూ లేరు. ఎండ మాత్రం ఉంది. దుఃఖం ముంచుకొచ్చింది.

"ఏమైందక్కా?" అంది నర్సమ్మ.

"ఏమీ కాలేదు. నువ్వు నోర్మూసుకో" అన్నాను. పాపం, ఏమీ అనుకోలేదు.

ఇంజను బల్ల మీద అలాగే ఊగుతోంది. బల్ల అదురుతోంది, గోడ అదురుతోంది. ఆపుదామని చెయ్యి చాపేసరికి ఇనుప మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

మా ఆయన. బనియనుతో, మాసిన గడ్డంతో, కాళ్లకు చెప్పులైనా లేకుండా దిగొచ్చాడు. మొహం జేవురించి ఉంది.

"ఎంతసేపు ఏడిపిస్తావే దాన్ని!" అని అరిచాడు. తనకు వినపడదు కదా, వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు. "మంచం కోళ్లు ఊగుతున్నాయి, గ్లాసులో నీళ్లు ఊగుతున్నాయి, నా పళ్లు ఊగుతున్నాయి! ఇంజను అలా ఊగుతుంటే మనిషన్నవాడు పడుకుంటాడా?"

ఆయన నన్ను పక్కకు తోసి, పెట్రోలు ట్యాంకు మీద అరచెయ్యి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. నేనెప్పుడూ చూసి ఏడ్చే కళ్లు మూసుకోవడం కాదది. గుమ్మంలో వీపు తిప్పి నిలబడి వినేవాడే, అలాంటిది.

రెండో చేత్తో నూనె డబ్బా అందుకుని, కార్బురేటర్ ఇంజనుకు అతికే చోట ఒక్క చుక్క వేశాడు. ఊగుతున్న ఇంజను ఆ క్షణం నిలకడగా ఆడింది. చుక్క లోపలికి పీల్చుకోగానే మళ్లీ మొదలు. కళ్లు తెరిచాడు.

"గాలి లాగుతోంది. పాత ప్యాకింగే వేశావా?"

తల ఊపాను.

"బుద్ధుందా?"

లేదని కూడా తల ఊపాను. నర్సమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆయన ఇంజను ఆపి, తన పెట్టె తానే తెరిచాడు. ప్యాకింగ్ కాగితాన్ని కార్బురేటర్ మొహం మీద పరిచి, చిన్న సుత్తితో అంచుల వెంట టకటకా కొట్టాడు. ఆ అంచులే కాగితాన్ని కోసేశాయి. వేలితో తడిమి చూసుకుని, బిగించి, తాడు లాగాడు. అరచెయ్యి మళ్లీ ట్యాంకు మీదకు వెళ్లింది. నాకు చెప్పనక్కర్లేకపోయింది. స్క్రూడ్రైవర్ తీసుకుని నా చోట నేను నిలబడ్డాను.

"ఇంకొంచెం" అన్నాడు. "ఇంకొంచెం... ఎక్కువైంది, వెనక్కి రా... ఆఁ! అక్కడే ఉంచు."

చెయ్యి తీసేశాను. ఇంజను ఒకే తీరున ఆడుతోంది. బల్ల సన్నగా గుయ్యిమంటోంది. ఇంజను ఆపి, నర్సమ్మా నేనూ దాన్ని తోపుడుబండి ఎక్కించాం. ఆమె గబగబా తోసుకుపోయింది.

మేమిద్దరమే మిగిలాం. మళ్లీ మెట్లెక్కేస్తాడేమోనని భయమేసింది. ఆ భయానికి నా నోరు తెరుచుకుంది.

"ఇన్నాళ్లూ ఏమైపోయావయ్యా? చుట్టానికి పెట్టినట్టు పైకి కంచం మోశాను! నీ చెవులు పోతే నా నోరు కూడా పోయినట్టే కదా, ఆ సంగతి ఆలోచించావా? ఎవర్ని తిట్టుకోను, గోడనా? నువ్వు పలక్కపోతే నేను ఎవరికి చెప్పుకోను..."

ఆయనకేమీ వినపడదు. తెలుసు. కానీ ఈసారి కళ్లు మూసుకోలేదు. నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. తరువాత, ఇంజను మీద పెట్టిన అదే చెయ్యి, నూనె మరకల చెయ్యి, తెచ్చి నా గొంతు కింద, ఎముక మీద ఆనించాడు. నాకు నోట మాట ఆగిపోయింది.

చేతి కింద అదురు ఆగిపోయిందని ఆయనకు తెలిసిపోయింది.

"ఆపావేం?" అన్నాడు. "తిట్టు."

నా నోటికి, ఈ వీధంతా భయపడే నా నోటికి, ఒక్క తిట్టూ దొరకలేదు. వెతికి వెతికి చివరికి ఒకటి పట్టుకున్నాను.

"చెప్పుల్లేకుండా దిగొచ్చావు. ఇనుప రజను కాల్లో గుచ్చుకుంటే ఎవరు తీస్తారనుకున్నావు?"

అరచెయ్యి గొంతు కింద అలాగే ఉంది.

"ఆఁ" అన్నాడు మా ఆయన.