బోడొంటె మీద లెక్కల పరీక్షకు

దగ్గరికి జరుగుండ్రి పిల్లలు, గా చాప మడత విప్పుండ్రి. ఎనుక కూసున్నోళ్లకు గూడ ఇనబడాలె.

రాయికల్‌ల రాజనర్సు ఇంట్ల తెల్లారంగనే మగ్గం చప్పుడు మొదలయ్యేది. బిడ్డ కళావతి బడికి పోయే ముందు గుంటమగ్గంల కాళ్లు పెట్టి, ఎడమ చెక్క, కుడి చెక్క మార్చి మార్చి తొక్కుకుంట మూరెడు బట్ట నేసేది. వాకిట్ల బోడొంటె చింతచిగురు మేసేది. దానికి మూపురం లేదు, మెడ మాత్రం పై కొమ్మలందేంత. దాని పేరు ఏపికామెలస్ అని, ఆ జాతి ఎన్నో లక్షల ఏండ్ల కిందనే అంతరించిందని హెడ్మాస్టరు బోర్డు మీద రాసి చెప్పిండు. చెప్పినంక, ఇంటికి పోయేటప్పుడు దానికి నీళ్లు పెట్టిపొమ్మన్నడు.

అవి అడవిల ఉండే నక్సలైటు అన్నలు, పోలీసుల నడుమ ఊర్లు నలిగిన ఏండ్లు. పదో తరగతి లెక్కల పరీక్ష కోరుట్లల. ఆనాడే రోడ్డు పొడుగూత అన్నలు నరికేసిన చెట్లు అడ్డం పడున్నయి. బస్సు రాలే.

"ఇగ పరీక్ష లేదు, ఏం లేదు," అన్నడు రాజనర్సు. "సిరిసిల్లకు పో. మీ మేనత్త కాడ పవర్‌లూములకు నూలు కండెలు చుట్టేటోళ్లు కావాల్నట."

"నేను పరీక్ష రాస్త బాపు. బోడొంటె మీద పోత."

"మొన్న నన్ను కింద పడేసింది, యాది లేదా?"

"ఎడ్లబండిల కూసున్నట్టు బిగుసుకొని కూసుంటివి. పడక ఏంజేస్తవురా?" అన్నది ఆయన తల్లి నాగవ్వ, ఒంటె వీపు మీద దుప్పటి పరుచుకుంట.

బోడొంటె ఎడమ దిక్కు రెండు కాళ్లు ఒక్కసారే వేస్తది, ఎనుకనే కుడి దిక్కు రెండు. ఎక్కినోళ్లందరు పక్కకు జారుడే. కళావతి మగ్గంల కూసున్నట్టు కూసున్నది. ఎడమ తొక్కింది, కుడి తొక్కింది. ఒంటె మొద్దుల మీదికెల్లి దాటుకుంట పోతనే ఉన్నది, ఆమె సూత్రాలు చదువుకుంటనే ఉన్నది.

కోరుట్ల మొదట్లనే పోలీసాయన ఆపిండు. "ఎవరు పంపిండ్రు నిన్ను?"

"మా బాపమ్మ," అని హాల్‌టికెట్ చూపింది.

ఆయన అది చూసి, మెడెత్తి పైకి చూసిండు. "మరి దీనిది?"

"అది బయటనే ఉంటది సారు."

గేటు మూసెటాళ్లకు ఆమె లోపల ఉన్నది.

ఫలితాలు వచ్చిన్నాడు రాజనర్సు సిరిసిల్లకు కార్డు రాసిండు, కండెలకు ఇంకొకళ్లను చూసుకొమ్మని. కళావతి జగిత్యాలల కాలేజీల చేరింది.

ఇగ లేవుండ్రి. రేపు మీకు లెక్కల పరీక్ష పెట్టేది గా కళావతి టీచరే. బస్సు రాలేదంటె ఆమె అసలే ఇనది. పోయి బువ్వ తినుండ్రి.