కర్నల్‌గారి అడుగులు

తెర మీద గుర్రం పరిగెత్తితే ఆ చప్పుడు గుర్రానిదే అని నమ్మే అమాయకులు లోకంలో ఇంకా ఉన్నారు. అది రెండు కొబ్బరి చిప్పలది. పావురాలు రెక్కలు కొట్టుకుంటే అవి తడిపిన తోలు చేతితొడుగులు. ఇలాంటి మాయలు చేసి పొట్టపోసుకునే ఒకాయన్ని స్టూడియోలో అందరూ చప్పుళ్ల బాబాయ్ అనేవారు. యాభై దాటిన మనిషి. చెవులు మేలిమి బంగారం, బుద్ధి మాత్రం అప్పుడప్పుడూ గడ్డి తింటుంది. అది గడ్డి తిన్న రోజుల సంగతే ఇది.

ఆ ఏడాది ఒక కుర్ర దర్శకుడు పటాలం మీద హాస్య చిత్రం తీశాడు. హాస్యమంటే మామూలు హాస్యం కాదు, కాస్త తిక్క హాస్యం. ఎక్కడో కొండ మీద ఒక పటాలం. దానికి యుద్ధమూ రాదు, తూటాలూ రావు. కాల్పుల అభ్యాసంలో జవాన్లు తుపాకులు గురిపెట్టి నోటితో "ఢాం ఢాం" అంటుంటారు. రేషన్ మాత్రం తలల లెక్కన వస్తుంది. తలలు చాలక కర్నల్ ముప్పై బాతులకు నంబర్లిచ్చి హాజరు పట్టీలోకి ఎక్కిస్తాడు. పైనుంచి తనిఖీకి వస్తున్నారనేసరికి ఆ బాతులకి కవాతు నేర్పాల్సొస్తుంది. అదీ కథ. బాబాయ్ రబ్బరు చెప్పుల్ని తడి బల్ల మీద కొట్టి బాతుల కవాతు చప్పుడు చేస్తే స్టూడియో అంతా పడీపడీ నవ్వింది. కర్నల్ దగ్గరికొచ్చేసరికే బండి ఆగింది.

"బాబాయ్, కర్నల్ తెర మీదికి రాకముందే ఆయన చప్పుడు రావాలి. అది వినగానే హాలు హాలంతా నవ్వాలి," అన్నాడు దర్శకుడు.

బాబాయ్ పదకొండు జతల బూట్లు మార్చాడు. చెక్క మీద నడిచాడు, రాతి మీద నడిచాడు, కంకర మీద నడిచాడు. అన్నిటికీ దర్శకుడిది ఒకటే మాట. "ఊహూఁ. చేసినట్టుంది బాబాయ్. మనిషి నడిచినట్టు లేదు."

మనిషి నడక బాబాయ్ ఇంటి మేడ మీదే ఉంది. అక్కడ వాళ్ల అన్నగారు కాపురం. ఇరవై రెండేళ్లు పటాలంలో చేసి వచ్చిన మనిషి. లారీ వెనక తలుపు ఊడి పడి కుడి పాదానికి మూడు వేళ్లు పోయాయి. ఆ లారీలో ఉన్నవి బంగాళాదుంపలు. "అందరూ శత్రువు చేతిలో గాయపడతారు, నేను కూరగాయల చేతిలో గాయపడ్డాను," అని ఆయనే చెప్పి చుట్టాలందర్నీ నవ్వించేవాడు. అప్పట్నుంచీ ఆయన నడకకి ఒక చప్పుడు వచ్చింది. టక్... సర్ర్... టక్.

ఆయన ఇప్పుడు ఒక బడిలో పరేడ్ మాస్టారు. పదకొండేళ్లుగా బెత్తం పట్టలేదు, నోరు చేసుకోలేదు. వరండా చివర ఆ చప్పుడు వినిపిస్తే చాలు, ఆరు వందల మంది పిల్లలు కుక్కిన పేనుల్లా పడుండేవారు. ఆఖరికి హెడ్‌మిస్ట్రెస్ కూడా కుర్చీలో సర్దుకుని కూర్చునేది. "మా ఆయనకి నోరెందుకు? ఆ కాలుందిగా!" అని వదినగారు వేళాకోళం ఆడేది. ఆ కాలే ఆయన ఉద్యోగం, ఆ చప్పుడే ఆయన పరువు. ఈ సంగతి బాబాయ్‌కి తెలియక కాదు.

అన్నగారికి తెల్లారగట్ల బూట్లు వేసుకుని మేడ మీద ఇరవై చుట్లు తిరగడం అలవాటు. బాబాయ్ బట్టలారేసే తీగ చాటున మైకు కట్టి మూడు రోజులు ఆ నడక రికార్డు చేశాడు. అడుగుదామనుకున్నాడు, నిజంగానే అనుకున్నాడు. 'ఏమని అడుగుతాం? అన్నయ్యా, నీ కుంటి నడక ఓసారి ఇస్తావా అని అడుగుతామా? మనసు నొచ్చుకోడూ?' అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. అబద్ధం. కాదంటాడేమోనన్న భయం, అంతే.

నెల తిరక్కుండానే సినిమా విడుదలైంది. బాబాయ్ తప్పించుకు తిరుగుతుంటే వదినగారే టిక్కెట్లు తెప్పించింది. "మరిది పనిచేసిన సినిమా మేం చూడకపోతే ఎవరు చూస్తారు?" అని ఇద్దర్నీ లాక్కుపోయింది. అన్నగారు బాతుల్ని చూసి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. పటాలంలో అచ్చం ఈ బాతులా నడిచేవాడు ఒకడుండేవాడని భార్య చెవిలో చెప్పాడు. అంతలో తెర బయటినుంచి చప్పుడు వచ్చింది. టక్... సర్ర్ర్ర్... టక్. హాలు గొల్లుమంది.

అన్నగారి నవ్వు సగంలో ఆగింది. ఆయన తెరకేసి చూడలేదు. వంగి, చీకట్లో తన కుడి కాలికేసి చూసుకున్నాడు. పక్క సీట్లో బాబాయ్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆ తర్వాత ఆ చప్పుడు పద్నాలుగుసార్లు వచ్చింది. అన్నిసార్లూ జనం నవ్వారు.

ఇంటికి వస్తూ దారిలో అన్నగారు ఒక్కటే అన్నాడు. "బాతులు బాగున్నాయిరా."

నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అనలేదు పెద్దలు. సోమవారం బడి వరండాలో ఆయన అడుగు వినపడగానే ఎనిమిదో తరగతిలోంచి ఒక కిసుక్కు వచ్చింది. మధ్యాహ్నానికి అది బడంతా పాకింది. మర్నాటికి పిల్లలు ఆ చప్పుడు నోటితో చేయడం నేర్చుకున్నారు. ఆయన రబ్బరు అడుగున్న గుడ్డ బూట్లు కొనుక్కున్నాడు. నడక వినపడకపోయేసరికి ఆయన వస్తున్నట్టే ఎవరికీ తెలియలేదు, అల్లరి రెట్టింపయింది. మళ్లీ పాత బూట్లే వేసుకున్నాడు.

ఇవన్నీ వదినగారు చెబుతుంటే బాబాయ్‌కి ముద్ద దిగేది కాదు. బడి వార్షికోత్సవం లోపల అన్నయ్య కాళ్ల మీద పడి నిజం చెప్పేద్దామని రోజూ అనుకునేవాడు. రోజూ మేడ మెట్లు సగం ఎక్కి దిగొచ్చేవాడు. చివరికి దర్శకుడి దగ్గరికి పరిగెత్తాడు.

"ఆ చప్పుడు తీసెయ్ నాయనా. ఇంకోటి చేసిస్తా, నీ చేతులు పట్టుకుంటా."

"జోకులెయ్యకు బాబాయ్! నాలుగు వందల హాళ్లలో ఆడుతోంది. సగంమంది ఫోన్లలో రింగ్‌టోన్ అదే!"

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

వార్షికోత్సవం నాడు మైదానంలో పిల్లలంతా వరసల్లో నిలబడ్డారు. చుట్టూ తల్లిదండ్రులు. అన్నగారు ఇస్త్రీ మడత నలగని చొక్కాతో "అటెన్షన్!" అని అరిచి వరసల్ని చూసుకుంటూ నడవడం మొదలుపెట్టాడు. నాలుగో అడుగుకి పిల్లలు నవ్వారు. ఐదో అడుగుకి పెద్దవాళ్లూ నవ్వారు. ఆయన ఆగలేదు, తొందరపడలేదు. మైదానం చుట్టూ మొత్తం నడిచి, సెల్యూట్ చేసి, పక్కకి వెళ్లిపోయాడు. మర్నాడు రాజీనామా ఇచ్చాడు. కొన్నాళ్లు ఆగండి, పిల్లలు మర్చిపోతారు అని హెడ్‌మిస్ట్రెస్ బతిమాలింది. "వాళ్ల తప్పేం లేదమ్మా. నవ్వొచ్చింది, నవ్వారు," అన్నాడట.

ఆ సాయంత్రం ఆయన స్టూడియోకి వచ్చాడు. అన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు. బాబాయ్ గదిలోకి వచ్చి, చిప్పలూ చెప్పులూ కంకర పళ్లేలూ అన్నీ ఒకసారి కలియజూసి స్టూలు మీద కూర్చున్నాడు.

"నాది నువ్వు తీసుకున్నది అలాగే ఉందా?"

"ఉందన్నయ్యా," అన్నాడు బాబాయ్.

"వినిపించు."

హెడ్‌ఫోన్స్ ఆయన చెవులకి పెట్టి బాబాయ్ ఆ మూడు తెల్లవారుజాముల నడక వినిపించాడు. అన్నగారు కళ్లు మూసుకుని మొత్తం విన్నాడు. టక్, సర్ర్, టక్. మధ్యలో ఒక కాకి అరిచింది. పూర్తయ్యాక హెడ్‌ఫోన్స్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బానే ఉంది కదరా. ఇందులో నవ్వేముంది?"

"ఏమీ లేదన్నయ్యా." బాబాయ్ తల ఎత్తలేకపోయాడు. "నవ్వు నేను కలిపాను."

"ఎట్లా కలుపుతారు?"

చెప్పక తప్పలేదు. ఈడ్పుని రెండింతలు సాగదీశాననీ, దాని తర్వాతి అడుగుని ఒక్క క్షణం ఆలస్యం చేశాననీ, జనానికి నవ్వు ఆ సందులోనే వస్తుందనీ, ఆ చప్పుడు కింద ఒక బాకా ఊదీ ఊదనట్టు పెట్టాననీ చెప్పాడు. చెబుతూ ఒక్కొక్కటీ వినిపించాడు. కొత్తగా పటాలంలో చేరినవాడు పాఠం విన్నంత శ్రద్ధగా అన్నగారు విన్నాడు.

"పనిమంతుడివేరా," అన్నాడు చివరికి. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాబాయ్ ప్రాణం కాస్త కుదుటపడేది.

"నన్ను క్షమించు అన్నయ్యా. అడగాల్సింది. అడగలేకపోయాను."

అన్నగారు స్టూలు మీంచి లేచి చొక్కా సర్దుకున్నాడు.

"ఒక్కమాట అడిగుంటే కొత్త బూట్లేసుకుని వచ్చేవాణ్ణి కదరా. నువ్వెట్లా నడవమంటే అట్లా నడిచేవాణ్ణి. ఆ నవ్వేదో నేనే నవ్వించేవాణ్ణి."

బరువైన తలుపు లాక్కుని వెళ్లిపోయాడు. బయటి అలికిడి ఈగంతైనా లోపలికి రాకూడదని బాబాయ్ దగ్గరుండి వేయించుకున్న తలుపు అది. ఇంకా దగ్గర్లోనే ఉంటాడనుకుని చెవి ఆనించాడు. ఏమీ వినపడలేదు. తలుపు తీసేసరికి వరండా ఖాళీగా ఉంది.