తగ్గని పొటాషియం

డయాలసిస్ సెంటర్లో రిపోర్టు చూడగానే మణెమ్మకు ఒళ్లు మండిపోయింది. భర్త జక్కయ్య రక్తంలో పొటాషియం మళ్లీ పెరిగింది. పోయిన నెలకన్నా ఎక్కువ.

"ఇలాగే పెరిగితే గుండె ఆగిపోతుందమ్మా. బయట ఏం తింటున్నారో కాస్త కనిపెట్టి చూడండి" అన్నారు డాక్టరు గారు.

జక్కయ్య ఆటోనగర్లో లారీ బాడీలకు వెల్డింగ్ చేస్తాడు. కిడ్నీలు రెండూ పాడైనా, డయాలసిస్ లేని రోజుల్లో ఒక పూట షెడ్డుకు వెళ్తూనే ఉన్నాడు. అతని కోసం మణెమ్మ ఇంట్లోకి పొటాషియం ఎక్కువుండే అరటిపండు, కొబ్బరి, టమాటా రానివ్వడం లేదు. కూరగాయ ముక్కల్ని వేణ్నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి మరీ వండుతోంది. రుచీ పచీ లేని ఆ కూరే తనూ తింటోంది. ఇంత చేసినా పెరిగిందంటే ఈ మనిషి చాటుగా ఏదో తాగుతున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం నేరుగా షెడ్డుకు వెళ్లింది. జక్కయ్య అప్పుడే క్యారియర్ విప్పుతున్నాడు.

"కొబ్బరిబోండాలు ఎక్కడ తాగుతున్నావయ్యా? నిజం చెప్పు."

"కొలిచి తాగమన్నారని గుక్కెడు మంచినీళ్లకే భయపడి చస్తుంటే, బోండాం ఎక్కడిదే?"

"మరి పొటాషియం గాల్లోంచి వచ్చిందా? నేను చాకిరీ చేసి చేసి చస్తున్నా. నీకు నోరు కట్టుకోవడం చేతగాదా?"

చుట్టూ పని ఆగిపోయింది. షెడ్డు నడిపే కిరీటి దగ్గరికొచ్చాడు. "అక్కా, నువ్వు కట్టిచ్చింది తప్ప ఇంకోటి ముట్టడు. మేం టీ తాగుతుంటే లేచి అవతలికెళ్లిపోతాడు."

జక్కయ్య క్యారియర్ మూత పెట్టేశాడు. ఆ పూట అన్నం తినలేదు.

తర్వాతి డయాలసిస్ రోజున మణెమ్మ డైటీషియన్ ఉషశ్రీ దగ్గర కూర్చుని, తను ఏది ఎలా వండుతుందో చెప్పుకొచ్చింది. ఉషశ్రీ మధ్యలో ఆపింది. "ఏ ఉప్పు వాడుతున్నారండీ?"

"తగ్గించమన్నారుగా, మామూలుది మానేశాం. సోడియం తక్కువుండే ఉప్పు బీపీకి మంచిదని షాపులో చెప్పారు. అదే కొంటున్నా."

"అయ్యో, అందులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారండీ! కిడ్నీ పేషెంట్లు అసలు వాడకూడదు."

మణెమ్మ గొంతు లేచింది. "ఆ ముక్క ముందే చెప్పొద్దా అమ్మా? పళ్లొద్దన్నారు, కొబ్బరొద్దన్నారు. ఏ ఉప్పని ఒక్కరైనా అడిగారా? నా చేత్తో నేనే వేసి పెట్టానే!"

"అడగాల్సిందండీ" అంది ఉషశ్రీ మెల్లగా.

ఇంటికెళ్లాక జరిగింది చెబితే జక్కయ్య ఒకటే అన్నాడు. "అందరి ముందూ అన్నావు."

మర్నాడు మణెమ్మే క్యారియర్ తీసుకుని షెడ్డుకు వెళ్లి, అందరికీ వినపడేలా చెప్పింది. "ఈయన తప్పేం లేదు. నేను వేసిన ఉప్పే అంతా చేసింది." జక్కయ్య తల దించుకుని అన్నం కలుపుకున్నాడు.

తర్వాతి నెల రిపోర్టులో పొటాషియం తగ్గింది. కానీ డాక్టరు గారు ఇంకో అంకె దగ్గర ఆగారు. "రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ బాగా పడిపోయిందమ్మా. సరిగ్గా తినడం లేదు. ప్రొటీన్ పెంచాలి."

ఇన్నాళ్లూ అది మాన్పించు, ఇది మాన్పించు అన్న నోటితోనే! మణెమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది.

"ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో, ఏది కొనకూడదో అంతా చెప్పండి. చెప్పేదాకా నేను కదలను."