మజ్జిగ గిన్నె

"మిరప మంటేలేవే, మజ్జిగలో పెట్టు," అంది అత్త రసూల్‌బీ, కోడలు మౌలాబీ కుడిచేతి బొటనవేలు పట్టుకుని విలవిల్లాడుతుంటే.

కల్లంలో పొద్దస్తమానం మిరపకాయల తొడిమలు తుంచే ఆడవాళ్ళందరికీ అదే మందు. మౌలాబీ కూడా నిరుటి నుంచీ ముంచుతూనే ఉంది. మంట దిగేది. నొప్పి మాత్రం గిన్నెలోంచి చెయ్యి తీయగానే లేచి కూర్చునేది. చల్లలో పెడితే చెయ్యి చల్లబడుతుంది గానీ బతుకు చల్లబడుతుందా?

ఈలోగా మొగుడు జాన్ బాషాకి మిర్చి యార్డులో బస్తా ఎత్తబోతే భుజం పట్టేసింది. ఎక్స్‌రే, బెల్టు, నాటుకోడి పులుసు. మగాడి భుజం పట్టేస్తే ఇంటిల్లిపాదీ పట్టుకున్నారు, ఆడదాని చెయ్యి పట్టేస్తే ఎవరికీ పట్టలేదు. ఆ భుజానికి రోజూ నూనె రాసి పిసికింది కూడా ఈ బొటనవేలే.

కొన్నాళ్ళకి మౌలాబీని వెంటబెట్టుకుని చూపించుకోబోతే, సత్తెనపల్లిలో ఫిజియోథెరపీ చేసే భానుశ్రీ జాన్ బాషాతో, "భుజం బాగైందండీ. ఇకనుంచి మోకాళ్ళు వంచి, బస్తాని ఒంటికి దగ్గరగా పట్టుకుని లేపండి. ఇంట్లో మర్దనా ఎవరు చేశారు?" అంది.

మౌలాబీ చెయ్యి చూపించింది. భానుశ్రీ ఆ బొటనవేలిని పిడికిట్లో మడిపించి, మణికట్టుని మెల్లగా కిందికి వంచింది. మౌలాబీ కెవ్వుమంది.

"ఇది మిరప మంట కాదమ్మా. వేలిని లాగే నరం వాచింది. ఆపకుండా ఒకే పని చేస్తే ఇంతే. మొదట్లోనే మధ్యమధ్య ఆపి, చేతులు మార్చుకుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. పట్టీ వేస్తాను. కొన్నాళ్ళు తుంచడాలు, పిండడాలు, పిసకడాలు బంద్. వదిలేస్తే చేతికి పట్టు పోతుంది."

"మరి ఇంట్లో పనెవరు చేస్తారండీ?" నవ్వాడు జాన్ బాషా.

"మీ భుజం బాగైందిగా!"

ఆటో ఎక్కాక, "వాళ్ళట్టాగే చెప్తారు. ఆ పట్టీ విప్పేసి మజ్జిగలో పెట్టు," అన్నాడు. నొప్పిగా ఉందా అని అడగలేదు. మౌలాబీ ముఖం బయటికి తిప్పుకుంది. కాపురానికి వచ్చాక ఈ చేతిని పని చెప్పకుండా పట్టుకున్నది ఆ పిల్ల ఒక్కతే. తను ఆమె పేరు కూడా అడగలేదే అనుకుంటే ఏడుపొచ్చింది.

సాయంత్రం జాన్ బాషా చొక్కా విప్పి, వీపు తిప్పి కూర్చున్నాడు. "రావే, నూనె వేడిచెయ్యి."

అత్త మజ్జిగ గిన్నె తెచ్చి ముందు పెట్టింది.

పట్టీ వేసిన చేతిని మౌలాబీ గుండెకి ఆనించుకుంది. ఎడమచేత్తో గిన్నె ఎత్తి గటగటా తాగేసింది.

"అయ్యో, మందు తాగేశావేంటే?"

"దాహమేసింది అత్తా."

జాన్ బాషా వీపు అలాగే ఎదురుచూస్తూ ఉంది.