సిగ్నల్ ఉన్న మనిషి

దెయనీరా పొద్దున్నే ఆరేపాలనే మొక్కజొన్న రొట్టెలు కాలుస్తుంటే కిటికీ ముందు జనం మూగేవాళ్ళు. సగం మంది తిండికి, సగం మంది ఫోన్లకి. లాస్ కబ్రాస్ కొండ మీద టవర్ లేదు. దెయనీరా ఎక్కడుంటే సిగ్నల్ అక్కడుండేది. వాళ్ళమ్మకీ అంతే, కాకపోతే ఆవిడ రోజుల్లో అది రేడియోలకి పనికొచ్చేది.

"కాస్త ఇటు జరగవే, మా వాడి మొహం కనపడట్లేదు" అనేవాళ్ళు. ఆమె పెనం పట్టుకుని జరిగేది.

ఆ ఏడు, కొండకొచ్చే నీళ్ళ పైపుని కింద కట్టబోయే హోటళ్ళకి మళ్ళించాలని నగరసభ తలపెట్టింది. దాని మీద పెట్టే బహిరంగ సభకి కొండవాళ్ళు సగానికి పైగా వచ్చి కాదంటేనే అది ఆగుతుంది. కింద నగరంలో ఆస్పత్రిలో నర్సుగా చేసే యోలిమా, ఉద్యమాలవాళ్ళు వాడే ఆప్ ఒకటి తెచ్చి అందరి ఫోన్లలో ఎక్కించింది. అందులో ఇంటికో చుక్క. వస్తామన్న ఇంటి చుక్క పచ్చబడుతుంది.

"దీనికి ఫోనెందుకు? నోళ్ళు లేవా మనకి?" అన్నాడు ముసలి దోన్ ఎవేలియో.

"నోరుంది తాతా, నీకు మోకాళ్ళే లేవు" అంది యోలిమా.

సభ శనివారం సాయంత్రం. ఆ పొద్దున్నే ఆస్పత్రి నుంచి యోలిమా ఫోన్ చేసింది.

"అక్కా, సభని తొమ్మిదింటికి జరిపేశారు. ఎవరికీ చెప్పలేదు. నేను అందరికీ మెసేజ్ పెట్టాను, నీ కిటికీ దగ్గరున్నవాళ్ళకి తప్ప ఎవరికీ చేరలేదు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"నడువు."

దెయనీరా పొయ్యి ఆర్పింది. కూతురితో మాట్లాడుతున్న ఒకావిడ విసుక్కుంది. "కాసేపు కూర్చోవే."

"నా వెంట నడుస్తూ మాట్లాడుకో" అంది దెయనీరా. అలా అనడం ఆమెకదే మొదలు.

మెట్లెక్కి కొండ కొసదాకా వెళ్ళి, అక్కణ్ణుంచి వంకరటింకర సందుల్లో దిగింది. ఆమె దాటిన ప్రతి ఇంట్లోనూ ఫోన్ మోగింది. తలకి నురగతోనే ఒకామె బయటికొచ్చింది. నలుగురు కలిసి ఎవేలియోని కుర్చీతో సహా ఎత్తారు. యోలిమా ఫోన్లో చుక్కలు సందులు సందులుగా పచ్చబడుతూ వచ్చాయి. జనమంతా దెయనీరా వెనకే కింద నగరసభకి దిగారు.

"కొండ తరఫున ఎవరూ రాలేదు కాబట్టి..." అని సభాధ్యక్షుడు చదవబోతుండగా, వాకిట్లో వందల ఫోన్లు మోగాయి. సభ నిండి, జనం వరండాలో నిలబడ్డారు.

"మీలో ఎవరు మాట్లాడతారు?" అన్నాడాయన మొహం ముడుచుకుని.

అందరూ దెయనీరా వైపు చూశారు.  ఆమె ముందుకొచ్చింది.

"ఆ పైపు కోసం కొండ తవ్వింది మా నాన్నలు. హోటళ్ళవాళ్ళకి గునపాలు కావాలంటే మేమిస్తాం, తవ్వుకోమనండి."

నవ్వులతో గోడలదిరాయి. చేతులు లెక్కపెట్టే పని కూడా పడలేదు. పైపు కొండకే ఉండిపోయింది.

మరుసటి ఎన్నికల్లో కొండ దెయనీరానే నగరసభకి పంపింది. ఆమె పెట్టిన మొదటి తీర్మానం కొండకి టవర్.

"పిచ్చిదానా, టవరొస్తే ఇంక నీ దగ్గరికెవరొస్తారు?" అన్నాడు సభ చూడటానికొచ్చిన ఎవేలియో.

"నాతో పనున్నవాళ్ళు" అని, తీర్మానానికి ఓటుగా ఆమె అందరికంటే ముందు చెయ్యెత్తింది.